నాలుగు కేబీల్లో పట్టే వీణ

మా గురువుగారు కాలం చేసిన రెండేళ్లకు ఒక సాయంత్రం వాళ్ల పెద్దబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నయ్యా, నాన్నగారి కీబోర్డు మళ్లీ మోగుతోంది. బాగుచేయించాను. కానీ ఏంటో గోలగోలగా ఉంది, స్క్రీన్ మీద పిచ్చి గీతలు వస్తున్నాయి. ఒకసారి వచ్చి చూద్దూ" అన్నాడు. రాజమండ్రి దానవాయిపేటలో వాళ్లిల్లు. పదో తరగతి సెలవుల్లో నేను మొట్టమొదట కీబోర్డు ముట్టుకున్నది ఆ ఇంట్లోనే. చేతిలో పని వదిలేసి వెళ్లాను.

ముందుగదిలో బల్ల మీద పెట్టి ఉంచాడు. యమహా డీఎక్స్‌7. గురువుగారు 1989లో మద్రాసు వెళ్లి సెకండ్‌హ్యాండులో తెచ్చుకున్నది. ఆన్ చేసి ఒకటో నంబరు నొక్కాను. అక్కడ వీణ ఉండాలి. రేకు మీద మేకు గీసినట్టు ఏదో వచ్చింది. రెండో నంబరు సన్నాయి. బుస్సుమంది. ఏడో నంబరులో పద్యనాటకాలకి వాడే హార్మోనియం ఉండేది, అది అసలు పలకనే లేదు. ముప్పై రెండు బటన్లూ వరసగా నొక్కుకుంటూ పోయాను. ముప్పై రెండూ పోయాయి.

"ఏం బాగుచేయించావురా?" అని అడిగాను.

"లోపల బిళ్ల బ్యాటరీ అయిపోయిందటన్నయ్యా. అది పీకి కొత్తది వేశాడు. నాలుగొందలు తీసుకున్నాడు, అంతే."

ఆ మెకానిక్‌ని నేనేమీ అనను. అతనికి చెప్పిన పని అతను చేశాడు. ఆ కీబోర్డులో మనిషి పెట్టుకున్న టోన్లన్నీ నిలబడేది ఆ మూడు వోల్టుల బిళ్ల దయ మీదే. కరెంటు లేనప్పుడు మెమరీకి ఊపిరి పోసేది అదే. దాన్ని పీకే ముందు టోన్లు బయటికి తీసి దాచుకోవాలి. ఆ సంగతి గురువుగారబ్బాయికి తెలియదు. తెలిసిన నేను గురువుగారు బతికుండగా ఒక్కసారి కూడా అడగలేదు. ఫంక్షన్‌లోకి వెళ్లి 14వ బటన్ నొక్కితే బిళ్లలో ఎంత వోల్టేజి మిగిలిందో ఆ యంత్రమే అంకె వేసి చూపిస్తుంది. ఆయన ఎదురుగా కూర్చుని ఎన్నో వందల సార్లు ఆ బటన్ దాటి చెయ్యి పోనిచ్చాను.

ఇది ఒక ఇంట్లో పోయిన వస్తువు గురించి రాస్తున్న మాట కాదు. మన రెండు రాష్ట్రాల్లో ఆర్కెస్ట్రాల్లోనూ, చర్చిల్లోనూ, నాటక సమాజాల్లోనూ కీబోర్డు వాయించే ప్రతివాడికీ ఒక టోన్ల గుట్ట ఉంటుంది. ఏళ్ల తరబడి చెవి పెట్టి, వేళ్లు పెట్టి చేసుకున్నది. అది వాడి సొంత పని, వాడి సంగీతం. దాన్ని యంత్రం కడుపులోనే వదిలేసి కూర్చోవడం మనకి అలవాటైపోయింది. ఆ అలవాటు మానాలని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

కీబోర్డు తెలియని వాళ్ల కోసం కాస్త చెప్పాలి. హార్మోనియానికి గొంతు ఒక్కటే. సింథసైజర్‌కి గొంతు మనం తయారుచేసి పెట్టాలి. కంపెనీవాళ్లు కొన్ని పెట్టి ఇస్తారు, నిజమే. వాటిలో పియానో బాగుంటుంది, స్ట్రింగ్స్ బాగుంటాయి. వీణ అని రాసి ఉన్నది మాత్రం చాలాసార్లు వీణలా ఉండదు. సన్నాయి అని రాసి ఉన్నది వాయిస్తే పెళ్లిపందిట్లో పెద్దవాళ్లు మొహాలు తిప్పుకుంటారు. అప్పుడు వాయించేవాడు కూర్చుని ఆ టోన్‌ని విప్పి మళ్లీ కట్టుకుంటాడు.

డీఎక్స్‌7లో టోన్ అంటే అచ్చంగా అంకెలు. ధ్వనిని పుట్టించే ఆపరేటర్లు ఆరు. ఒక్కో ఆపరేటరుకి 21 అంకెలు, ఆరింటికీ కలిపి 126. ఆ ఆరూ ఒకదానికొకటి ఎలా తగులుకోవాలి, గొంతు ఎంత వణకాలి వగైరాలకి మరో 19. మొత్తం 145. ఆ పైన పది అక్షరాల పేరు. ఈ పద్ధతికి మూలం అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ చౌనింగ్ చేసిన పరిశోధన. యమహా ఆ హక్కులు తీసుకుని 1983లో ఈ కీబోర్డు తెచ్చింది. దీనిమీద టోన్ కట్టడం ఎంత కష్టమో తెలిసినవాళ్లకే తెలుసు. ఒక అంకె 78 నుంచి 80కి జరిపితే వీణ కాస్తా గుడిగంటై కూర్చుంటుంది. గురువుగారు ఆ వీణ టోన్ కోసం మూడు నెలలు తిరిగారు. ఊళ్లో ఒక వైణికురాలి ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, ఆవిడ సాధన వింటూ ఉండేవారు. లోపలికి రమ్మన్నా వెళ్లేవారు కాదు. "దగ్గరైతే తీగ వినబడుతుందిరా. నాకు బుర్ర వినబడాలి" అనేవారు. వీణ బుర్రలోంచి వచ్చే ఆ గుమ్మనే అడుగుశబ్దం ఆయన టోన్‌లో ఉండేది. ఇంకెవరి టోన్‌లోనూ నేను వినలేదు.

ఇప్పుడు అసలు లెక్క చెబుతాను. డీఎక్స్‌7లో ఉన్న 32 టోన్లనూ కీబోర్డులను కలిపే మిడి తీగ గుండా కంప్యూటర్‌లోకి పంపితే వచ్చే ఫైలు 4,104 బైట్లు. నాలుగు కేబీ. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ ఇంతకు ఎన్నో రెట్లుంటుంది. మనం రోజుకి పది దాచుకుంటాం అలాంటివి. ఒక మనిషి ఇరవై ఏడేళ్ల పని, పద్యనాటకాల హార్మోనియం నుంచి పెళ్లి సన్నాయి దాకా, నాలుగు కేబీల్లో పట్టేది. తీగ తగిలించి పంపడానికి నిమిషం కూడా పట్టదు. దాన్ని ఎవరమూ దాచలేదు.

సేవ్ బటన్ కూడా మరీ పాతదేం కాదు. 1978లో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ అనే అమెరికా కంపెనీ ప్రాఫెట్‌-5 తెచ్చి, కట్టుకున్న టోన్లను 40 దాకా యంత్రంలోనే దాచుకునే వీలు కల్పించింది. అంతకుముందు సింథసైజర్ వాయించేవాళ్లు ఏ గుండీ ఎంత తిప్పారో కాగితం మీద బొమ్మ గీసుకునేవాళ్లు. ఆ కంపెనీ పెట్టిన డేవ్ స్మిత్, రోలాండ్ వ్యవస్థాపకుడు ఇకుతారో కకెహాషి, ఈ ఇద్దరి పూనికతోనే 1983లో మిడి వచ్చింది. ఒక కంపెనీ కీబోర్డు ఇంకో కంపెనీ కీబోర్డుతో మాట్లాడడం అప్పుడే మొదలైంది. టోన్లను బయటికి పంపే దారి కూడా ఆ తీగలోనే పెట్టారు. అంటే మా గురువుగారు డీఎక్స్‌7 కొన్న రోజు నుంచీ వెనకవైపు ఆ దారి తెరిచే ఉంది.

మా తరానికి బిళ్ల బ్యాటరీ బాధ తప్పి వేరే బాధలొచ్చాయి. 2003లో గోదావరి పుష్కరాల సీజన్ డబ్బుకి ఇంకొంత అప్పు కలిపి నేను కోర్గ్ ట్రైటన్ కొన్నాను, అదీ సెకండ్‌హ్యాండే. దాంట్లో నిజం వాయిద్యాన్ని రికార్డు చేసి మెట్ల మీద పెట్టుకోవచ్చు, శాంపిలింగ్ అంటాం. మా వీధి చివర డోలు వాయించే పెద్దాయన్ని బతిమాలి, ఒక మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి, ఒక్కో దెబ్బా విడివిడిగా రికార్డు చేశాను. కర్ర దెబ్బ, వేళ్ల తొడుగుల దెబ్బ, బరక. అవి వచ్చాక నా పెళ్లి ప్రోగ్రాముల రూపే మారిపోయింది.

అయితే ట్రైటన్‌లో శాంపిల్స్ ఉండే మెమరీ కరెంటు ఉన్నంతసేపే. ఆఫ్ చేస్తే ఖాళీ. ప్రతి ప్రోగ్రాం ముందూ ఫ్లాపీల నుంచి ఎక్కించుకోవాలి. శాంపిల్స్‌కి దాంట్లో ఉన్న చోటు 16 ఎంబీ, ఫ్లాపీలో పట్టేది 1.44. నా డోలూ, సన్నాయీ, చర్చిలో వాడే కోరస్ గొంతులూ కలిపి ఏడు ఫ్లాపీలయ్యాయి. ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకుంటూ, ఆ గరగర వింటూ, షామియానా కింద కూర్చునేవాణ్ణి.

అమలాపురం దగ్గర ఒక రిసెప్షన్‌లో రెండో పాట మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ రెండు నిమిషాల్లో వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. రిథమ్ ప్యాడ్స్ అబ్బాయి సిద్ధం, గాయని మైకు పట్టుకుని నిలబడి ఉంది. నా స్క్రీన్ మీద "పెళ్లి డోలు" అని పేరు చక్కగా కనబడుతోంది. మెట్టు నొక్కితే చప్పుడు లేదు. పేరూ, దాని తాలూకు సెట్టింగులూ యంత్రంలోనే ఉన్నాయి. లోపల మోగవలసిన డోలు లేదు. ఫ్లాపీలు తీశాను. నాలుగు ఎక్కాయి. ఐదోది చదవలేనంది. తిప్పి చూస్తే, రేకు జరిపాక లోపలి నల్ల బిళ్ల మీద తెల్లటి బూజు చుక్కలు. గోదావరి జిల్లాల వానాకాలం గాలి తెలిసినవాళ్లకి ఆశ్చర్యం ఉండదు. యాంకరమ్మాయి పాపం ఇరవై నిమిషాలు పెళ్లికొడుకు స్నేహితుల చేత కబుర్లు చెప్పించింది. ఆ రాత్రంతా డోలు లేకుండానే వాయించాను.

దాని రెండో ప్రతి నా దగ్గర లేదు. డోలు పెద్దాయన ఆ ముందు ఏడాదే పోయారు. ఆయన దెబ్బల్లో ఆ ఐదో ఫ్లాపీలో ఉన్నవి మళ్లీ దొరకలేదు. మిగతావి ఉన్నాయి, ఇప్పటికీ వాడుతున్నాను. వేళ్ల తొడుగుల దెబ్బలే పోయాయి. అసలు ఆయన ప్రత్యేకత అవే.

అప్పటినుంచి సేవ్ చేయడమంటే నాకు వేరే అర్థం. కోర్గ్‌లో పీసీజీ అని ఒక ఫైలు ఉంటుంది. మనం కట్టిన టోన్లు, కాంబీలు అందులోకి వెళ్తాయి. చాలామంది అది ఒక్కటి కాపీ చేసుకుని నిశ్చింతగా ఉంటారు. శాంపిల్స్ అందులో ఉండవు, వాటిని వేరే సేవ్ చేయాలి. కాంబీ సంగతీ అంతే. నాలుగైదు టోన్లు కలిపి ఒకేసారి మోగించే ఏర్పాటే కాంబీ. ఎడమచేతికి స్ట్రింగ్స్, కుడిచేతికి ఫ్లూటు, పైన గంటలు. ఆ టోన్లు కాంబీ లోపల ఉంటాయని అనుకుంటాం. ఉండవు. ఏ బ్యాంకులో ఏ నంబరు టోన్ని పిలవాలో రాసిన చీటీ మాత్రమే ఉంటుంది. ఆ నంబరులో ఇంకో టోన్ పెట్టామా, కాంబీ దాన్నే పిలుస్తుంది.

కిందటి డిసెంబరులో నా దగ్గర నేర్చుకున్న కుర్రాడొకడు తుని నుంచి ఏడుపు గొంతుతో ఫోన్ చేశాడు. "మాస్టారూ, రేపు క్రిస్మస్ ప్రోగ్రాం. కాంబీలన్నీ పాడైపోయినయ్. ఆరాధన పాటకి పెట్టుకున్నదాంట్లో ట్రంపెట్ మోగుతోందండి." సంగతేమిటంటే, ఎవరో పెన్‌డ్రైవ్‌లో వేల టోన్లు అమ్ముతుంటే కొన్నాడు. వాటిని తెచ్చి తన సొంత బ్యాంకు మీదే ఎక్కించాడు. తన టోన్లు చెరిగిపోయాయి. చీటీలు మాత్రం పాత నంబర్లనే పిలుస్తున్నాయి. "ఎక్కించే ముందు నీది ఎక్కడైనా దాచావురా?" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. అదృష్టం బాగుండి ఆరు నెలల కిందటి పీసీజీ ఫైలు వాడు నాకోసారి పంపి ఉన్నాడు. నా హార్డ్‌డిస్క్‌లో వాడి పేరుతో ఉంది. రాత్రి పదకొండింటికి తిరిగి పంపాను. ఆ ఆరు నెలల్లో కట్టుకున్నవి మాత్రం ఎటూ లేవు.

వాడి తప్పు పెద్దదని కాదు నేననేది. వాడికి టోన్ కట్టడం నేర్పాను, మెట్ల మీద వేలు జార్చడం నేర్పాను, పిచ్ బెండ్ చక్రంతో గమకం పట్టడం నేర్పాను. సేవ్ చేయడం నేర్పలేదు. మనలో ఎవరమూ నేర్పం. అది సంగీతం కాదు, ఏదో కంప్యూటర్ పని అన్నట్టు పక్కన పెట్టేస్తాం. వీణ నేర్పే గురువు తీగ మార్చడం కూడా నేర్పుతాడు. మృదంగం నేర్పేవాడు కరణ పెట్టించుకోవడం చెబుతాడు, ఎండలో పెట్టొద్దని చెబుతాడు. కీబోర్డు గురువులం మనం ఎందుకు చెప్పం?

నేను ఇప్పుడు పాటించే పద్ధతి చెబుతాను. కొత్త టోన్ కట్టిన రోజునే, కీబోర్డు ఆఫ్ చేయకముందే, మొత్తం బ్యాంకు, కాంబీలు, శాంపిల్స్ అన్నీ కలిపి పెన్‌డ్రైవ్‌లోకి తీస్తాను. ఫైలుకి తేదీనే పేరుగా పెడతాను. పాతదాని మీద కొత్తది రాయను. పెన్‌డ్రైవ్ చిన్నదే కొంటాను, ఫ్యాట్‌32లో ఫార్మాట్ చేసి వాడతాను. పాత కీబోర్డులు పెద్దవాటిని గుర్తుపట్టవు. ఇంటికి రాగానే కంప్యూటర్‌లో ఒక కాపీ. నెలకోసారి కాకినాడలో ఉన్న మా చెల్లెలికి ఇంకో కాపీ. దానికి కీబోర్డంటే ఏమిటో తెలియదు, దాని బీరువాలో నా టోన్లుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఏడాదికోసారి ఉన్నది మొత్తం చెరిపేసి, దాచిన ఫైలు నుంచి మళ్లీ ఎక్కించి వాయించి చూస్తాను. మొదటిసారి చేసినప్పుడు చెమటలు పట్టాయి. రెండు కాంబీలు మోగలేదు, కారణం వెతికి సరిచేశాను. ఎక్కించి చూడని కాపీని నేను కాపీ అనుకోను.

ఇక పేర్లు. ట్రైటన్‌లో టోన్ పేరుకి 16 అక్షరాలు, అవీ ఇంగ్లీషు అక్షరాలే. మనవాళ్లు కంపెనీ పెట్టిన పేరునే ఉంచేస్తారు, లేకపోతే "న్యూ 1", "న్యూ 2". మూడేళ్లయ్యాక "న్యూ 14" ఏమిటో కట్టినవాడికే గుర్తుండదు. నేను పక్కన ఒక రూళ్ల పుస్తకం పెట్టుకున్నాను. టోన్ పేరు, ఏ టోన్ని విప్పి కట్టాను, ఏ శృతిలో బాగుంటుంది, ఏ మెట్టు దాటితే గొంతు చెడుతుంది, ఎవరి వాయిద్యం విని చేశాను. నాదస్వరం దగ్గర ఇలా రాసి ఉంది: "నాలుగున్నర శృతి దాటొద్దు. మొదట పీక పట్టు చప్పుడు చిన్నది కలిపాను. బెండ్ మూడు స్వరస్థానాలు." ఇది చదివితే నేను లేకపోయినా ఎవరైనా ఆ టోన్ వాయించగలరు.

ఇంకో మాట చెప్పడం కష్టంగా ఉంది, అయినా చెప్పాలి. మన ఆర్కెస్ట్రాల్లో టోన్ దాచుకోవడమంటే అర్థం వేరు. పక్కవాడికి తెలియకుండా దాచుకోవడం. స్టేజీ దిగగానే స్క్రీన్ మీద తువ్వాలు కప్పేవాళ్లని చూశాను. "టోన్ ఇస్తే రేపు నా బదులు వాణ్ణే పిలుస్తారు" అంటారు. ఆ భయం నాకు తెలుసు. పెళ్లి సీజన్ మూడు నెలలు, తర్వాత ఇంట్లో కూర్చునే మనుషులం. నేను నా నాదస్వరాన్ని ఒక కుర్రాడికిస్తే, రెండేళ్ల తర్వాత అది అమ్మకపు పెన్‌డ్రైవ్‌లో వేరే పేరుతో తిరిగి నా చేతికే వచ్చింది. మొదటి స్వరం వినగానే పోల్చుకున్నాను, పీక పట్టు చప్పుడు అలాగే ఉంది. బాధ పడ్డాను. అయినా ఇవ్వడం మానలేదు.

ఎందుకంటే తువ్వాలు కప్పుకున్నవాళ్లవి ఏమయ్యాయో కూడా చూశాను. ఒకాయన చనిపోతే కీబోర్డుని ఇంటివాళ్లు అమ్మేశారు. కొన్నవాడు మొదట చేసిన పని ఫ్యాక్టరీ రీసెట్. పాతవాడి చెత్త పోవాలని. ఇచ్చిన నా టోన్ పేరు మారినా ఏదో ఊళ్లో పెళ్లిపందిట్లో మోగుతోంది. ఆయనది ఎక్కడా మోగడం లేదు. అయితే ఇచ్చేటప్పుడు పేరుతో ఇద్దాం, పుచ్చుకున్నవాడు ఆ పేరు చెరపకుండా ఉంచుదాం. డీఎక్స్‌7లో పది అక్షరాలున్నా అందులో ఒక మనిషి ఇంటిపేరుకి చోటుంటుంది. పాట కట్టినవాడి పేరు చెప్పకుండా స్టేజీ మీద పాట మొదలెట్టం కదా.

సినిమా సంగీతంలోనూ ఇదే జరిగింది. తెలుగు పాటలు మద్రాసులో రికార్డయిన రోజుల్లో కీబోర్డు వెనక కూర్చున్నవాళ్లు ఎంత పని చేశారో! ఏఆర్ రహమాన్ సంగీత దర్శకుడు కాకముందు రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించాడు. మణిశర్మ కూడా కీబోర్డు నుంచే వచ్చాడు. వాళ్లిద్దరి పేర్లూ తర్వాత లోకానికి తెలిశాయి. అలా పైకి రాని కీబోర్డు కళాకారులు కట్టిన టోన్లు వేల పాటల్లో వినబడుతుంటాయి, క్యాసెట్ అట్ట మీద వాళ్ల పేరుండదు. పాట మిగిలింది. ఆ గొంతును కట్టిన లెక్క యంత్రంతోపాటు పాత సామాన్ల కొట్టుకి వెళ్లింది.

కంపెనీల బాధ్యత లేకపోలేదు. మోడల్ మారిన ప్రతిసారీ పాత ఫైలు కొత్తదాంట్లో ఎక్కకపోతే, వాయించేవాడు ఏం చేస్తాడు? ఫ్లాపీల తయారీ తగ్గిపోయింది, సోనీ 2011లో ఆపేసింది. ఫ్లాపీ డ్రైవ్ ఊడదీసి ఆ చోట యూఎస్‌బీ పెన్‌డ్రైవ్ పెట్టుకునే డబ్బా బిగించుకుంటున్నాం, అది కీబోర్డు కంపెనీలు ఇచ్చింది కాదు. మంచిపని చేసినప్పుడు చెప్పాలి కూడా. 2016లో యమహా మాంటేజ్ అనే కొత్త కీబోర్డు తెచ్చినప్పుడు, డీఎక్స్‌7 టోన్ల ఫైలుని దానికి తగ్గట్టు మార్చి ఇచ్చే కన్వర్టర్‌ని ఇంటర్నెట్‌లో పెట్టింది. ముప్పై మూడేళ్ల ముందు వచ్చిన యంత్రంలో కట్టిన టోన్ ఆ కొత్త యంత్రంలో మోగుతుంది. అన్ని కంపెనీలూ ప్రతి మోడల్‌కీ ఈ పని చేయాలని కొనుక్కునే మనం గట్టిగా అడగాలి. అయితే కన్వర్టర్‌కి ఇవ్వడానికి ముందు ఫైలుండాలి. ఆ నాలుగు కేబీలు ఉంటే మా గురువుగారి వీణ ఇవాళ మాంటేజ్ మీద మోగేది.

తాళపత్రాలు దాచిన గౌతమీ గ్రంథాలయం మా ఊళ్లోనే ఉంది. ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. ప్రతి జిల్లాలో కళాకారుల సంఘాలున్నాయి. ఒక హార్డ్‌డిస్క్ ఖరీదు ఒక ప్రోగ్రాంకి మైక్ సెట్ బాడుగ కన్నా తక్కువ. సంఘానికి ఒకటి కొని, సభ్యుడైన ప్రతి కీబోర్డు కళాకారుడి టోన్లూ వాడి పేరుతో ఒక ఫోల్డర్‌లో పెట్టి, పక్కన వాడు చెప్పిన వివరం రాసి ఉంచితే చాలు. పెద్దవాళ్లతో మొదలెట్టాలి. 1980లలో, 90లలో కొన్న కీబోర్డులు అటకల మీద ఉన్నాయి, వాటిలో బిళ్లలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. మీ ఇంట్లో నాన్నదో మావయ్యదో అలాంటి కీబోర్డు ఉంటే, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేముందు, అమ్మేముందు, దయచేసి తెలిసిన కీబోర్డు కళాకారుణ్ణి ఒకణ్ణి పిలవండి. గంట పని. డబ్బు తీసుకోకుండా వస్తాం.

ఆ రోజు దానవాయిపేటలో నేను లేచి వచ్చేస్తుంటే గురువుగారి భార్య ఆగమన్నారు. లోపలి నుంచి రేకుపెట్టె తెచ్చారు. హరిశ్చంద్ర, రాయబారం పద్యాలకి ఆయన రాసుకున్న స్వరాల కాగితాల అడుగున ఒక పాత లెక్కల పుస్తకం ఉంది. తెరిస్తే అడ్డగీతలు, నిలువుగీతలు, గళ్లనిండా నీలిసిరాతో అంకెలు. ఆరు వరసలు, వరసకి 21. కింద ఇంకో 19. తొమ్మిది టోన్లు ఆయన చేత్తో రాసి ఉంచారు. మొదటిది వీణ.

ఇంటికి తెచ్చి, డీఎక్స్‌7లా పనిచేసే డెక్స్‌డ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంటే కంప్యూటర్‌లో వేసుకుని, ఒక్కో అంకే ఎక్కించాను. నాలుగో వరస దగ్గర చెదలు దారి చేసుకుని పోయాయి. మొదటి ఎనిమిది అంకెలు మిగిలాయి, పదమూడు లేవు. ఆ టోన్‌లో ఆరు ఆపరేటర్లూ మూడు జతలు. జతలో ఒకటి వినబడేది, రెండోది దాని ఆకారాన్ని మార్చేది. నాలుగోది మార్చేది. అంటే పోయింది మీటు. తీగకి గోరు తగిలిన ఆ క్షణం.

ల్యాప్‌టాప్, చిన్న కీబోర్డు తీసుకుని మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. అమ్మగారు వంటగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్లు ఆ గోడ అవతల నుంచి విన్నావిడ. నిష్పత్తి మూడు పెట్టి వాయిస్తే తల అడ్డంగా ఊపారు, గాజుగ్లాసులా ఉందన్నారు. రెండు పెట్టాను. "ఆఁ, ఇది ఆయనదే. కానీ ఇంత గట్టిగా మీటేవారు కాదు నాయనా." లెవెల్ 84 నుంచి తగ్గించుకుంటూ వచ్చాను. 80. 76. మళ్లీ అదే పలుకు వాయించాను. 71 దగ్గర ఆవిడ చెయ్యెత్తారు.

ఆ గడిలో 71 అని పెన్సిల్‌తో రాశాను. ఆయన సిరాతో కలవకూడదని పెన్సిల్. పక్కన "అమ్మగారు చెప్పింది" అని రాసి, తేదీ వేశాను.